పశువైద్యశాలకు ఏనాడు పోవలయును?



మేము గ్రామములలో సంచరించునప్పుడు పశువైద్యశాలను గూర్చి రెండు మాటలు తఱచుగా వినుచుందుము. "ఇప్పుడు పశువు బాగుగనే యున్నది గదా, సూది ఎందులకు?" అనునది మొదటి మాట. "ఆసుపత్రికి తోలుకొని పోయితిమి గాని పశువు దక్కలేదు" అనునది రెండవ మాట. ఇవి వేఱువేఱు మాటలవలె దోచును గాని, విచారించి చూచిన రెండవది మొదటిదాని ఫలమే. వైశాఖమున టీకాను కాదన్న యిల్లే శ్రావణమున వైద్యుని నిందించుచుండును.

ఒక గేదెకు జబ్బు చేసినప్పుడు సాధారణముగా జరుగునది చూడుడు. మొదటి నాడు అది మేత ముట్టదు. "ఎండ తగిలినది, రేపటికి సర్దుకొనును" అందుము. రెండవ నాడు ఎవరో చెప్పిన ఆకుపసరు గొట్టముతో పోయుదుము. అది దారి తప్పి ఊపిరితిత్తులలోనికి పోయి మఱియొక రోగమును తెచ్చుటయు గలదు. మూడవ నాడు కాల్చిన యినుముతో వాతలు పెట్టింతుము. నాలుగవ నాడు, పశువు లేవలేని స్థితిలో, బండి కట్టియో ఆటో మాటలాడియో వైద్యశాలకు చేర్చుదుము. గొంతువాపు వంటి వ్యాధి రైతునకు ఒక దినముకంటె ఎక్కువ గడువు నీయదు. నాలుగవ నాడు చేరిన పశువును వైద్యుడు నిలుపలేకపోయినచో లోపము మందులో లేదు, దినములో నున్నది.

పాడిగేదె యొకటి పోయిన యింట పోవునది దాని వెల మాత్రమే కాదు. సంఘమునకు పోయు పాలు ఆగును. పాల డబ్బు ఆగును. పిల్లల చదువునకును ఇంటి ఖర్చునకును చేయి ఆడదు. గేదెను కొనుటకు చేసిన అప్పు మాత్రము ఆగదు. కావున పశువైద్యశాల వలన మనము పొందదగిన సహాయమేది, దానిని ఏ కాలమున పొందవలయును, ఏ గుర్తులు కనబడినపుడు ఒక గంటయైన జాగు చేయరాదు అను సంగతులను ఈ నెల వివరింప దలచితిమి.

ముసరవ్యాధి పోయిన విధము

రోగము వచ్చిన పిమ్మట చేయు చికిత్సకంటె రాకుండ చేయు ప్రయత్నము మిన్న యనుటకు ముసరవ్యాధి కథయే సాక్ష్యము. రిండర్‌పెస్టు అను ఈ వ్యాధి పూర్వము ఒక గ్రామమున ప్రవేశించెనా, దొడ్లకు దొడ్లు ఖాళీయగుచుండెను. దానికి మందు లేదు. పశురోగముల పరిశోధనకై 1889వ సంవత్సరమున పూనాలో ఒక ప్రయోగశాల స్థాపింపబడి, 1893లో హిమాలయ ప్రాంతమందలి ముక్తేశ్వరమునకు మార్చబడెను. నేడు ఇజ్జత్‌నగరమున ప్రధాన స్థానము గల భారత పశువైద్య పరిశోధన సంస్థకు అదియే మూలము. ముక్తేశ్వరమున జరిగిన కృషి వలన 1920 తరువాతి దశకములో మేకల ద్వారా తయారుచేసిన టీకా వాడుకలోనికి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1954లో దేశవ్యాప్తముగా టీకాల పథకము ఆరంభమయ్యెను. టీకాలు వేయువారు ఊరూర తిరిగిరి. మన దేశమున ఈ వ్యాధి చివరిసారి కనబడినది 1995లో. 2011లో ప్రపంచమునుండియే ఇది నిర్మూలమైనట్లు ప్రకటింపబడెను.

ఇందు గమనింపదగిన దేమనగా, ముసరవ్యాధిని ఏ వైద్యుడును నయము చేసి జయింపలేదు. రోగము లేని దినమున, ఆరోగ్యముగనున్న పశువులకు, ప్రతి యింటివారును టీకా వేయించుట వలననే అది నశించినది. నేడు మన దొడ్లలో నున్న తక్కిన అంటువ్యాధుల విషయమునను మార్గమిదియే.

టీకాలు, వాని కాలము

గాలికుంటు వ్యాధి: నోటను గిట్టల సందులను బొబ్బలు, చొంగ, కుంటుట దీని గుర్తులు. పెద్ద పశువులు చాల వఱకు బ్రదుకును గాని పాలు తగ్గిపోవును, ఎద్దులు ఎండలో రొప్పుచు దుక్కికి పనికిరాకుండ పోవును, దూడలు హఠాత్తుగా గుండె నిలిచి చచ్చును. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద ఆవులకును గేదెలకును దీనికి ఆఱు మాసముల కొకసారి టీకా వేయుచున్నారు. దూడకు నాలుగవ మాసమున మొదటి టీకాయు, మఱి నెల దినములకు రెండవదియు వేయించి, అటుపిమ్మట పెద్ద పశువులతో పాటు వేయించుచుండవలయును. చెవికి వేయు పండ్రెండంకెల బిళ్ల ఆ పశువునకు వేసిన టీకాల లెక్కకు ఆధారము, దానిని ఊడదీయరాదు.

గొంతువాపు, జబ్బవాపు: ఈ రెండును తొలకరి వానలతో పాటు వచ్చునవి. గొంతువాపు గేదెలను ఎక్కువగా బాధించును. తీవ్ర జ్వరము, గొంతు క్రింద వేడి వాపు, గుఱకవంటి శ్వాస కనబడి, తఱచుగా ఒక దినములోపుననే పశువు చచ్చును. జబ్బవాపు ఆఱు మాసములు మొదలు రెండు మూడేండ్ల వయస్సు గల, బాగుగ మేసి బలిసిన పశువులనే పట్టును. తొడమీదనో జబ్బమీదనో వాపు లేచి, నొక్కిన చిటపటమను శబ్దము వచ్చును. టీకా వేసిన పిమ్మట ఒంటిలో శక్తి కుదురుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. కావున రోహిణికార్తె నాటికే ఈ టీకాలు ముగియవలయును. మృగశిర వచ్చి, ప్రక్కయింటి గేదె చచ్చిన నాడు పరుగెత్తుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిదే.

ఈసుడు రోగము: చూడి పశువు చివరి మాసములలో ఈసుకొని పోవుటకు బ్రూసెల్లా అను సూక్ష్మజీవి ఒక ముఖ్య కారణము. నాలుగు మొదలు ఎనిమిది మాసముల లోపు పెయ్యలకు మాత్రమే, జన్మమున కొకసారి, దీని టీకా వేయుదురు. కోడెదూడలకును చూడి పశువులకును వేయరు. ఈ రోగము మనుష్యులకును సోకి, విడిచి విడిచి వచ్చు జ్వరమును కీళ్లనొప్పులను కలిగించును. ఈసుకొనిన పిండమును మాయను ఉత్త చేతులతో ముట్టక, దొడ్డికి దూరముగ లోతుగా పూడ్చి పైన సున్నము చల్లవలయును. పచ్చిపాలు త్రాగు అలవాటు మానవలయును.

ముద్దచర్మ వ్యాధి: ఒంటినిండ గట్టి గడ్డలు లేచు ఈ వ్యాధి మన దేశమునకు క్రొత్తది. 2019లో ఒడిషాలో తొలిసారి కనుగొనబడి, 2022లో గుజరాతు, రాజస్థానము మొదలగు రాష్ట్రములలో చెలరేగి లక్షకు పైగా పశువులను బలిగొన్నది. దోమలు, ఈగలు, గోమార్లు దీనిని మోసికొనిపోవును. మేకల మశూచి టీకాను ఆవులకు వేసి దీనిని అరికట్టుచున్నారు. జబ్బు పశువును విడిగా కట్టి, దొడ్డిలో పొగ వేయుటయు పేడనీరు నిలువకుండ చూచుటయు మన చేతిలోని పనులు.

గొఱ్ఱెలకును మేకలకును పారుడు వ్యాధి టీకా ఒకసారి వేసిన మూడేండ్లు కాపాడును. లేత పచ్చిక మేసి గొఱ్ఱెలు హఠాత్తుగా పడి చచ్చు చిటుకరోగమునకు వానలకు ముందు ఏటేట టీకా వేయింపవలయును. నీలినాలుక వ్యాధికిని టీకా కలదు. అది మీ ప్రాంతమునకు అవసరమో కాదో వైద్యుని అడిగి తెలిసికొనుడు. మందలకు వానకాలమునకు ముందొకసారియు తరువాత నొకసారియు నట్టల మందు త్రాగింపవలయును.

టీకా వేయువారు వచ్చిన దినమున పాలు తగ్గునని, చూడి పోవునని పశువులను పొలములకు తోలివేయువారు కలరు. టీకా వేసిన పిమ్మట కొలది దినములు పాలు కొంచెము తగ్గుటయు, సూది వేసిన చోట చిన్న వాపు వచ్చుటయు నిజమే. అవి వానంతట నవియే తగ్గును. నెలలు నిండిన చూడి పశువైనచో ఆ సంగతి టీకా వేయువారికి ముందుగా చెప్పిన చాలును. రెండు దినముల పాలకై టీకా మానిన యింటివారు ఒక ఈతపాలు పోగొట్టుకొనుటయు, తమ దొడ్డిలోని రోగమును వీధికంతటికి పంచుటయు తటస్థించును. చెఱువు ఒక్కటే, మేతబీడు ఒక్కటే అయినప్పుడు టీకా ఒకరి యిష్టాయిష్టముల మాట కాదు. అది ఊరి కట్టుబాటు కావలయును.

ఏ గుర్తులు చూచి పోవలయును?

పశువునకు మొదటి వైద్యులు ఇంటివారే. అందును, ఉదయసాయంకాలములు పాలు పితుకు ఇల్లాండ్రు తక్కినవారికంటె ముందుగా మార్పును గుర్తింతురు. "నేడు గేదె చేపలేదు" అని వారన్న మాటను పురుషులు పెడచెవిని పెట్టరాదు. ప్రతిదినము ఐదు సంగతులు చూడవలయును: మేత తినెనా, నెమరు వేయుచున్నదా, ముట్టె చెమ్మగా నున్నదా, పేడయు మూత్రమును ఎప్పటివలె నున్నవా, పాలు తగ్గెనా. ఆరోగ్యవంతమైన పశువు వేడిమి సుమారు 100 మొదలు 102 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు నుండును. సంఘ కార్యాలయమున ఒక థర్మామీటరు నుంచుకొని చూచుట నేర్చుకొనిన, రోగము మొదటి గంటలలోనే బయటపడును.

ఈ క్రింది గుర్తులలో ఏ యొక్కటి కనబడినను రాత్రియైనను కబురు పంపవలయును.

ఈనిన రెండు మూడు దినములలో అధికముగా పాలిచ్చు పశువు తూలి పడిపోయి, చెవులు చల్లబడి, మెడను డొక్కవైపు త్రిప్పుకొని మగతగా పడియుండుట పాలజ్వరము. పేరు జ్వరమేగాని ఒళ్లు వేడిగా నుండదు. రక్తములోని సున్నపు ధాతువు పాలలోనికి పోయి తగ్గుట దీనికి కారణము. వైద్యుడు కాల్షియము మందును రక్తనాళములోనికి మెల్లగా ఎక్కించినచో, చచ్చినదనుకొన్న పశువు చాలసారులు కొలది గంటలలోనే లేచి నిలువబడును. ఆలస్యమైనచో ప్రాణమే పోవును. మందు ఒక్కటియే, భేదమంతయు కబురు పంపిన గంటలో నున్నది.

ఎడమ డొక్క ఉబ్బి డోలువలె మ్రోగుచు, పశువు శ్వాసకు తన్నుకొనుట కడుపుబ్బరము. పశువును ముందుకాళ్లు ఎత్తుగా నుండునట్లు నిలిపి, వెంటనే వైద్యుని పిలువవలయును. తెలియనివారు కత్తితో డొక్క పొడువరాదు.

పూతకు రాని జొన్నను, కోసిన పిమ్మట వేసిన పిలకలను, ముఖ్యముగా వాన లేక వాడిపోయిన పైరును మేసిన పశువు కొలది నిమిషములలో వణకుచు, నురుగు క్రక్కుచు పడిపోవుట నాము తగులుట. జొన్నలోని విషము రక్తమున కలిసి ప్రాణవాయువును కణములు వాడుకొనకుండ చేయును. దీనికి విఱుగుడు మందులు వైద్యుడు రక్తనాళము ద్వారా ఎక్కించును. మెట్టప్రాంతపు రైతులు లేతజొన్న చేలవైపు పశువులను విడువకుండుటయే మేలు.

నీటితిత్తి పగిలిన రెండు గంటలకును దూడ బయటపడకున్నను, ఒక్క కాలో తోకయో మాత్రమే కనబడినను, నలుగురు చేరి త్రాళ్లతో లాగరాదు. తల్లి గర్భసంచి చినుగును. ఈనిన పండ్రెండు గంటలకును మాయ పడకున్న వైద్యునికి తెలుపవలయును. వ్రేలాడు మాయకు రాయో చెప్పో కట్టుట వలన గర్భసంచి దిగజాఱును.

పొదుగు ఎఱ్ఱబాఱి గట్టిపడుట, పాలలో పెరుగుతునకల వంటివి గాని నెత్తురు గాని కనబడుట పొదుగువాపు. తొలి దినమున చికిత్స చేయించిన చన్ను దక్కును. వారము జాగు చేసిన ఆ చన్ను జన్మమునకు ఎండిపోవచ్చును. పితుకుటకు ముందు చేతులును పొదుగును కడిగి తుడుచుట, పితికిన పిమ్మట అరగంట వఱకు పశువును పండుకొననీయక మేత వేసి నిలుపుట దీనిని చాల వఱకు తప్పించును.

ఎద, చూడి, దూడ

వైద్యశాలకు రోగములతోనే పోవలయునని లేదు. పశువు కాలమునకు చూడి కట్టుట పాడికి మూలము. ఎద సుమారు ఇరువదియొక దినముల కొకసారి వచ్చును. ఉదయము ఎద గుర్తించినచో సాయంకాలమును, సాయంకాలము గుర్తించినచో మఱునాటి ఉదయమును కృత్రిమ గర్భధారణ చేయింపవలయును. ఆవు అఱచి తెలుపును గాని, గేదెలలో మూగ ఎద అధికము; తీగలు వేయుట, మాటిమాటికి మూత్రము పోయుట, పాలు తగ్గుట చూచి గ్రహింపవలయును. ఒక ఎద తప్పిన మూడు వారముల మేత వ్యర్థమైనట్లే. చేయించిన రెండు మూడు మాసములకు మరల తీసికొనిపోయి చూడి పరీక్ష చేయింపవలయును. "కట్టినదిలే" యని ఊరకుండి, ఆఱవ మాసమున గొడ్డని తెలిసి వగచువారు మన సభ్యులలోనే కలరు. చూడికాలము ఆవునకు సుమారు 280 దినములు, గేదెకు సుమారు 310 దినములు; తేదీ వ్రాసి యుంచుకొనిన ఈతనాడు ఇంటివారు సిద్ధముగ నుందురు.

పుట్టిన దూడకు బొడ్డు కోసి టింక్చరు అయొడిన్ అద్ది, గంటలోపుగా జున్నుపాలు త్రాగింపవలయును. మాయ పడువఱకు దూడను విడువరాదనుట మూఢనమ్మకము. జున్నుపాలలో తల్లి శరీరమందలి రోగనిరోధక శక్తి యుండును. దూడ ప్రేవులు దానిని పీల్చుకొను శక్తి మొదటి దినముతోనే చాల వఱకు పోవును. గేదెదూడలు నెలలోపున పెద్దసంఖ్యలో చచ్చుటకు ఏలికపాముల వంటి నట్టలు ఒక కారణము. పది పదునైదు దినముల వయస్సులో తొలి నట్టల మందును వైద్యుడు చెప్పిన తూకమున త్రాగింపవలయును.

కోడెలకు విత్తులు కొట్టించుటకు రాళ్లను కఱ్ఱలను వాడు పాతపద్ధతి మిక్కిలి క్రూరమైనది, పుండ్లకు మూలము. వైద్యశాలలో బర్డిజో పట్టకారుతో చర్మము తెగకుండ ఆ పని చేయుదురు. కొమ్ముగాయములు, కాడిపుండ్లు, విఱిగిన కాలు, పేడపరీక్ష, రక్తపరీక్ష, భీమా పత్రములు, ఇవియు అక్కడి పనులే. పశువును తీసికొనిపోలేని వేళ 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు కలదు. ఆ సంఖ్యను దొడ్డి తలుపుమీద సున్నముతో వ్రాసికొనుడు.

మందులు, పాలు, రాబందులు

మందుల దుకాణమున అడిగి తెచ్చిన సూదిని ఊరిలో ఎవరిచేతనో వేయించుట నేడు ప్రబలినది. సూక్ష్మజీవులను చంపు మందులను ఒక మోతాదు వేసి పశువు లేచినదని మానివేసిన, చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగనివై తరువాతి పశువునకును మనకును శత్రువులగును. మందు వేసిన పశువు పాలలో ఆ మందు కొన్ని దినములు దిగుచుండును. ఎన్ని దినములు పాలు సంఘమునకు పోయరాదో వైద్యుని అడిగి, అన్ని దినములు విడిగా నుంచవలయును. ఒక్కరి క్యాను వలన ట్యాంకరు పాలన్నియు త్రోసివేయబడిన, నష్టము సభ్యులందఱిది.

మఱియొక దృష్టాంతము. నొప్పులకు పశువులకు వేయుచుండిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువు చచ్చిన పిమ్మట కళేబరమును తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టి చంపెను. ఆకాశమున గుంపులుగా తిరుగుచుండిన రాబందులు కొలది యేండ్లలో దాదాపు కనుమరుగైనవి. 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడెను. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులును నిషేధింపబడెను. రాబందులకు హానిలేని మెలాక్సికామ్ వంటి మందులు కలవు. రాబందులు లేని ఊళ్లలో కళేబరములు కుళ్లుచు కుక్కల మందలు పెరుగుచున్నవి. దొడ్డిలో వేసిన సూది ఆకాశమును కూడ తాకునని దీనివలన తెలియుచున్నది.

కుక్కలు, కోళ్లు

కుక్కలు మన మందలను పొలములను కాచునవి. వానికి మూడవ మాసమున పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, వైద్యుడు చెప్పినప్పుడు రెండవదియు, ఆపైన ఏటేటను వేయింపవలయును. ఈ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట మనుష్యుడు గాని పశువు గాని బ్రదుకుట దాదాపు లేదు. 1885లో పాశ్చరు పండితుడు దీనికి టీకాను మనుష్యునకు తొలిసారి వేసెను; దక్షిణదేశమున 1907లో కూనూరులో పాశ్చరు సంస్థ వెలసెను. పూర్వము కఱచినవెంటనే దూరప్రయాణము చేయవలసివచ్చిన ఆ చికిత్స నేడు ప్రభుత్వ వైద్యశాలలలో లభించుచున్నది. కుక్క కఱచిన గాయమును పదునైదు నిమిషములు ధారగా పాఱు నీటితోను సబ్బుతోను కడిగి, అదే దినమున వైద్యశాలకు పోవలయును. కారము, సున్నము, పసరు పెట్టరాదు; చిన్న గాటే గదా యని ఉపేక్షింపరాదు. పిచ్చికుక్క కఱచిన పశువును గూర్చియు అదే దినమున పశువైద్యునికి తెలుపవలయును.

మేకలను గొఱ్ఱెలను కోసిన చోట పడిన కార్జము, ఊపిరితిత్తులు కుక్కలకు వేయరాదు. అందలి తిత్తుల వలన కుక్క ప్రేవులలో ఒక విధమగు బద్దెపురుగు పెరిగి, దాని గ్రుడ్లు మన యాహారమున చేరి మన కార్జమున పెద్ద తిత్తులను కట్టును. కుక్కలకు కాలమున నట్టల మందు త్రాగించుట ఇంటిల్లిపాదికిని రక్ష.

పెరటి కోళ్లను కొక్కెర తెగులు ఏటేట ఊడ్చుకొని పోవుచున్నది. పిల్లలకు మొదటి వారమున కంటిలోనో ముక్కులోనో వేయు చుక్కమందు, రెండవ మాసమున వేయు సూదిమందు దీనికి రక్ష. ఒక బుడ్డి మందు పెక్కు కోళ్లకు వచ్చును, తెఱచిన పిమ్మట నిలువదు; కావున వీధివారందఱు ఒక్క దినమున చేరి వేయించుకొనుట లాభము.

చచ్చిన పశువు విషయమున

పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, ఆసనము నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుచున్నచో అది దొమ్మ కావచ్చును. అట్టి కళేబరమును కోయరాదు, తోలు ఒలువరాదు, మాంసము ముట్టరాదు. కోసినప్పుడు గాలి తగిలి సూక్ష్మజీవులు గట్టి బీజములుగా మాఱి, ఆ నేలలో దశాబ్దముల కొలది బ్రదుకును. మనుష్యులకు సోకి ప్రాణమునకు ముప్పు తెచ్చును. వెంటనే వైద్యునికి తెలిపి, ఆయన సలహాపై, చెఱువులకు దూరముగ, కనీస మాఱడుగుల లోతున సున్నముతో పూడ్చి, పైన ముండ్లకంప వేయవలయును. ఒకసారి దొమ్మ కనబడిన గ్రామమున ఏటేట దానికి టీకా వేయింపవలయును. భీమా గల పశువు చచ్చినప్పుడు చెవిబిళ్లతో పాటు చూపి వైద్యుని పత్రము పొందిన పిమ్మటనే పూడ్చవలయును.

సంఘము చేయదగిన పని

వైద్యునికి కబురు పంపునప్పుడు ఈ సంగతులు సిద్ధముగ నుంచుకొనుడు: పశువు వయస్సు, ఈతలు, జబ్బు ఏ దినమున ఏ పూట మొదలయ్యెను, ఏమి మేసెను, పేడ, మూత్రము, నెమరు ఎట్లున్నవి, చూడియా, ఈని ఎన్నాళ్లు, ఇంతకుమున్ను ఏ మందులు వేసిరి. నాటుమందు వేసిన సంగతి దాచరాదు. దాచిన మాట వలన ఒక మందుపై మఱియొక మందు పడి పశువునకు హాని కలుగవచ్చును.

ప్రతి పాలసంఘమును తన పుస్తకములలో ఒక పుటను సభ్యుల పశువులకు కేటాయింపవలయునని మా మనవి. సభ్యుని పేరు, పశువు బిళ్ల సంఖ్య, టీకా వేసిన తేదీలు, ఎద తేదీ, చూడి పరీక్ష తేదీ, ఈత తేదీ, ఇంతమాత్రము చాలును. గాలికుంటు టీకా ఆఱు మాసములు దాటిన పశువులేవో, రోహిణి లోపున గొంతువాపు టీకా కావలసినవేవో ఆ పుట చూచిన తెలియును. కార్యదర్శి ఆ పట్టికను వైద్యశాలకు ముందుగా పంపినచో, ఎన్ని మోతాదులు కావలయునో వారికి తెలిసి, ఒక్క దినమున ఊరంతటికి టీకాలు వేయుటకు వీలగును. పది రూపాయల నోటుపుస్తకము ఒక్కటి కొని, వచ్చు పాలచెల్లింపు దినముననే పేర్లు వ్రాయుట మొదలుపెట్టుడు.